చుక్కల నడుమనున్న రసాయనశాల

వేసవి రాత్రులందు ఆరుబయట మంచము మీద పరుండి ఆకాశమును చూచువారికి, పాలు ఒలికినట్లు తెల్లని చాలు ఒకటి కానవచ్చును. దానినే పాలపుంత యందురు. లెక్కకు మిక్కిలియైన నక్షత్రములు దూరమువలన విడివిడిగా కానరాక, ఒక్క వెలుగుచాలుగా తోచుటయే పాలపుంత. పట్టణపు దీపములు లేనిచోట దానిని కొంత ఓపికతో పరికించినచో, ఆ తెలుపు నడుమ నల్లని మచ్చలును, చీలికలును కూడ కనబడును. చూచువారిలో పెక్కుమంది ఆ నలుపును లెక్కచేయరు. వెలుగే వారి కన్నులకు ఇంపు. కాని గత 120 సంవత్సరములలో ఖగోళశాస్త్రమునకు లభించిన మిక్కిలి వింతయైన వార్తలలో కొన్ని ఆ నల్లని మచ్చలనుండియే వచ్చినవి.

పదునెనిమిదవ శతాబ్దమున విలియం హెర్షెల్ అను ఖగోళజ్ఞుడు ఇంగ్లండునుండి తన దూరదర్శినితో ఇట్టి చీకటి తావులను చూచెను. నక్షత్రములు క్రిక్కిరిసియున్న చోట హఠాత్తుగా ఒక్క చుక్కయు లేని భాగము కనబడగా, అది ఆకాశమునకు పడిన చిల్లు అని ఆయనకు తోచెను. ఆ యభిప్రాయము చాలకాలము నిలిచెను. దానిని మార్చినవారిలో ముఖ్యుడు అమెరికా దేశీయుడగు ఎడ్వర్డు బర్నార్డు. ఇతడు నిరుపేద కుటుంబమున జన్మించి, తొమ్మిదవ యేటనే ఒక ఛాయాచిత్రశాలలో పనికి కుదిరినవాడు. బడిచదువు ఇతనికి దాదాపు లేదనియే చెప్పవచ్చును. ఆ బాల్యపు పనియే తరువాత అక్కరకు వచ్చెను. దూరదర్శినికి ఛాయాచిత్ర యంత్రమును బిగించి, గంటలకొలది పాలపుంతను చిత్రించి, 1919లో 182 చీకటి తావుల పట్టికను ప్రకటించెను. అవి చిల్లులు కావనియు, వెనుకనున్న వెలుగును మరుగుపరచు మేఘములనియు ఇతనికి క్రమముగా నమ్మకము కలిగెను. 1930లో రాబర్టు ట్రంప్లర్ అను శాస్త్రజ్ఞుడు, దూరముననున్న నక్షత్రగుచ్ఛములు వాని దూరమునుబట్టి ఉండవలసిన దానికంటెను మందముగా వెలుగుచున్నవని చూపి, నక్షత్రముల నడుమ అంతటను సన్నని ధూళి వ్యాపించియున్నదని నిరూపించెను.

ఆ ధూళి దేనితో నిర్మితమైనది? దానితో కలసియున్న వాయువు ఏది? అంత దూరముననున్న వస్తువును గరిటెతో ముంచి తెచ్చి పరీక్షించుటకు వీలులేదు కదా! 1835లో ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్టు కోంతు, నక్షత్రముల రసాయన నిర్మాణమును మానవుడు ఎన్నటికిని తెలిసికొనజాలడని వ్రాసెను. ఆయన తెలివితక్కువవాడు కాడు. ఆనాటి సాధనములనుబట్టి చూచిన, అట్లు తలంచుట సహజమే. అయినను పాతికేండ్లకే ఆ మాట వీగిపోయెను.

వంటయింట పొయ్యిమంటలో ఉప్పునీరు చిందినపుడు మంట క్షణకాలము పసుపుపచ్చగా మారుట అందరెరిగినదే. ఉప్పులోని సోడియము మండుమంటలో ఆ రంగునే వెదజల్లును. 1859, 1860 సంవత్సరములందు జర్మనీ దేశమున హైడెల్‌బెర్గు నగరమందు బున్సెన్, కిర్కాఫ్ అను ఇద్దరు మిత్రులు ఇట్టి మంటల వెలుగును గాజుపట్టకము గుండ ప్రసరింపజేసి పరిశీలించిరి. ప్రతి మూలకమునకును తనవైన రంగురేఖలు కొన్ని కలవని వారు కనుగొనిరి. ఒకని వ్రేలిముద్ర మరియొకనికి లేనట్లే, ఒక మూలకపు రేఖల వరుస మరియొక మూలకమునకు లేదు. అంతియే కాదు. తెల్లని వెలుగు ఒక చల్లని వాయువు గుండ వచ్చినపుడు, ఆ వాయువు తనకు చెందిన రంగులను మాత్రము పట్టి ఉంచుకొనును. అచ్చట వర్ణపటమున నల్లని రేఖలు పడును. కాబట్టి వెలుగు చేరినచో చాలును. వస్తువు చేతికి అందవలసిన పని లేదు.

ఈ విద్య ఎంత సత్తువగలదో లోకమునకు తెలిపిన ఘట్టములలో ఒకటి తెలుగునేలపైననే జరిగినది. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినపుడు, ఫ్రాన్సునుండి జాన్సెన్ అను శాస్త్రజ్ఞుడు గుంటూరునకు వచ్చి, సూర్యుని అంచున లేచు జ్వాలల వెలుగును వర్ణపటముగా విడదీసి చూచెను. ఆ గ్రహణసమయమున చూచినవారికి ఒక పసుపురేఖ కనబడగా, మొదట దానిని సోడియపు రేఖయే యనుకొనిరి. అది సోడియము కాదనియు, భూమిపై నాటికి తెలియని మూలకమనియు ఇంగ్లండులో లాక్యర్ నిర్ణయించి, దానికి సూర్యుని పేర హీలియము అని పేరిడెను. భూమిమీద ఆ వాయువు రామ్సేకు దొరకినది 1895లో. అనగా మన ఇంటిలోని వస్తువును మనము సూర్యునియందు ముందుగా చూచితిమి.

ఇవి మండుచున్న గోళముల సంగతులు. నక్షత్రముల నడుమనున్న చీకటికి ఈ విద్య అన్వయించినది 1904లో. ఆర్ద్ర, మృగశిరలు ఉన్న నక్షత్రమండలమును పాశ్చాత్యులు ఓరియన్ అందురు. దాని నడుమ మూడు చుక్కలు ఒకే వరుసలో నుండును. అందు పడమటి కొనయందున్నది కంటికి ఒక్కటిగా కనబడినను, నిజమునకు అది ఒకదాని చుట్టు ఒకటి తిరుగు జంట. ఆరు దినములకంటె కొంచెము తక్కువ కాలమున అవి ఒక చుట్టు తిరుగును. రైలు మనవైపు వచ్చుచున్నపుడు దాని కూత సన్నగాను, దూరమగునపుడు బొంగురుగాను వినబడునట్లు, నక్షత్రము మనవైపు వచ్చునపుడు దాని రేఖలు ఊదారంగు వైపునకును, దూరమగునపుడు ఎరుపు వైపునకును జరుగును. జర్మనీలోని పోట్స్‌డాం నగరమున హార్ట్‌మన్ అను ఆయన ఈ జంట రేఖల ఊగిసలాటను కొలుచుచుండెను. అన్ని రేఖలును ఇటు నటు ఊగుచుండగా, కాల్షియమునకు చెందిన ఒక్క రేఖ మాత్రము సన్నగా, కదలక నిలిచియుండెను.

ఊగుచున్న ఊయలకు దీపము కట్టి, దానిని కిటికీ అద్దము గుండ చూచినచో దీపము కదలును గాని అద్దము మీది మరక కదలదు. ఆ కదలని రేఖయు అట్టి మరకయే యని హార్ట్‌మన్ గ్రహించెను. కాల్షియము ఆ నక్షత్రమందు లేదు. నక్షత్రమునకును మనకును నడుమ ఎచ్చటనో తేలియాడుచున్నది. సున్నపురాతిలోనుండు ఆ కాల్షియమే నక్షత్రాంతర ప్రదేశమున మానవునికి తెలియవచ్చిన మొదటి పదార్థము.

ఈ ప్రదేశము ఎంత పలుచనిదో ఊహించుట కష్టము. మనము పీల్చు గాలిలో ఒక ఘన సెంటీమీటరునందు, 1 తరువాత 19 సున్నలు చేర్చిన సంఖ్యకు రెండున్నర రెట్లు అణువులు కలవు. నక్షత్రముల నడుమ అదే చోటున సగటున ఒక్క పరమాణువు మాత్రమే యుండును. బర్నార్డు చూచిన చీకటి మేఘములు దీనికంటె చిక్కనివి. వానిలో ఘన సెంటీమీటరునకు సుమారు పదివేల అణువులుండును. అదియు మన లెక్కకు శూన్యమే. కాని ఆ మేఘముల వెడల్పు కాంతిసంవత్సరములతో కొలువదగినది. కావున ఎంత పలుచనిదైనను, దాని గుండ వచ్చు వెలుగు చివరకు అణగిపోవును. పలుచని పొగమంచు అడుగు దూరమున కనబడక, కోసు దూరమున కొండను మరుగుపరచుట లేదా?

పరమాణువులు ఉన్నవి సరే. అవి కలసి అణువులుగా కూడియున్నవా? ఇదియే అసలు ప్రశ్న. 1937 మొదలు 1941 వరకు గల కాలమున, నక్షత్రముల వెలుగులో మరికొన్ని సన్నని రేఖలు గుర్తింపబడెను. కర్బనము ఉదజనితో కలసిన జంటయు, కర్బనము నత్రజనితో కలసిన జంటయు, మొదటి దానిలోనే ఒక ఎలక్ట్రాను పోగొట్టుకొన్న జంటయు అక్కడ ఉన్నట్లు స్వింగ్స్, రోసెన్‌ఫెల్డ్, మెక్కెల్లర్, డగ్లస్, హెర్జ్‌బర్గ్ మొదలగువారు తేల్చిరి. వీరిలో కెనడా దేశీయుడగు మెక్కెల్లర్ 1941లో ఒక చిత్రమైన లెక్క కట్టెను. కర్బన నత్రజనుల జంట తిరుగుచున్న తీరునుబట్టి, దాని చుట్టునున్న చలి పరమశూన్యమునకు పైన 2.3 డిగ్రీలు మాత్రమే యని తేలెను. పరమశూన్యమనగా సెంటిగ్రేడు కొలతలో సున్నకు దిగువ 273 డిగ్రీలు. అంతకంటె చలి ఉండజాలదు. ఆ 2.3 అను అంకెకు నాడు ఎవరును ప్రాముఖ్యము ఇయ్యలేదు. 1965లో పెంజియాస్, విల్సన్ అను ఇద్దరు అమెరికనులు, విశ్వమంతట నిండియున్న అతిశీతలమైన రేడియో వెలుగును కనుగొన్న పిమ్మట గాని, మెక్కెల్లర్ కొలిచినది దానినేయని లోకము గుర్తించలేదు. అప్పటికి ఆయన జీవించి లేడు.

రెండేసి పరమాణువుల జంటలు దొరకినను, అంతకంటె పెద్ద అణువులు అచ్చట ఉండునని నాటివారిలో పెక్కురు నమ్మలేదు. వారి వాదమున బలము లేకపోలేదు. అంత పలుచని చోట పరమాణువులు ఒకదానిని ఒకటి కలియుటయే అరుదు. కలసినను, నక్షత్రములనుండి వచ్చు అతినీలలోహిత కిరణములు ఆ కూడికను తునాతునకలు చేయును. ఇట్టి చోట రసాయనము ఎట్లు సాగును? ఈ నమ్మకమే చాలమందిని వెదకకుండ చేసెను.

వెదకుటకు తగిన సాధనము కూడ మారవలసియుండెను. కంటికి కనబడు వెలుగు ధూళిమేఘమున చొరజాలదు. రేడియో తరంగములు చొరగలవు. బొంగరము ఎంత వేగముతోనైన తిరుగవచ్చును. అణువునకు ఆ స్వేచ్ఛ లేదు. మెట్లెక్కువాడు మెట్టునకు మెట్టునకు నడుమ నిలువలేనట్లు, అణువు కొన్ని నియతమైన వేగములతోనే తిరుగును. పైమెట్టునుండి క్రిందిమెట్టునకు దిగునపుడు ఒక రేడియో తరంగమును విడుచును. దాని పొడవు ఆ అణువునకే సొంతము. ఇది వినదగిన వ్రేలిముద్ర.

పరమాణువుల రేడియో పలుకు మొదట వినబడినది. ఉదజని 21 సెంటీమీటర్ల పొడవుగల తరంగమును విడువవలెనని 1944లో హాలండు దేశీయుడు వాన్ డి హుల్స్ట్ ఊహించెను. 1951 మార్చిలో హార్వర్డు విశ్వవిద్యాలయమున యూయెన్, పర్సెల్ అనువారు దానిని పట్టిరి. వారి సాధనము ప్రయోగశాల కిటికీనుండి వెలుపలికి చాచిన పెద్ద కొమ్ముబూర వంటిది. వాన కురిసినపుడు అది గరాటువలె పనిచేసి గదిని నీటితో నింపెను. మంచు పడినపుడు దారిన పోవు విద్యార్థులు దానిలోనికి మంచుముద్దలు విసరి వినోదించిరి. తరువాత 1963లో ఆమ్లజని, ఉదజనుల జంట రేడియోలో దొరకినది.

అసలు తలుపు తెరచినవాడు చార్లెస్ టౌన్స్. ఇతడు అమోనియా వాయువు విడుచు సూక్ష్మతరంగములను కూలంకషముగ చదివి, దానితో 1954లో మేసర్ అను సాధనమును నిర్మించి, 1964లో నోబెల్ బహుమానము నందుకొన్నవాడు. 1967లో కాలిఫోర్నియాకు చేరి, నక్షత్రముల నడుమ అమోనియాను వెదకుదమని తలపెట్టెను. నత్రజని ఒకటి, ఉదజని మూడు, మొత్తము నాలుగు పరమాణువులు గల అణువది. అంతటి అణువు అచ్చట నుండదని చెప్పినవారు కలరు. టౌన్స్ వాదమునకు దిగలేదు. తన తోటివారితో కలసి హాట్ క్రీక్ అను చోటగల రేడియో దూరదర్శినిని పాలపుంత నడిబొడ్డు వైపునకు, అనగా ధనూరాశి వైపునకు త్రిప్పెను. 1968లో అమోనియా దొరకినది. ఆ యేడు చివరకే నీటి ఆవిరి కూడ దొరకినది. కొన్ని మేఘములనుండి ఆ నీటి తరంగము మిక్కిలి తీవ్రముగా వచ్చుచుండెను. టౌన్స్ ప్రయోగశాలలో శ్రమపడి చేసిన మేసర్ వంటిదానినే ప్రకృతి ఎవరి సాయము లేకయే అచ్చట నెలకొల్పియుండెను!

ఆ పిమ్మట కట్ట తెగినట్లయినది. 1969లో ఫార్మాల్డిహైడ్ దొరకెను. బడి జీవశాస్త్ర ప్రయోగశాలలో కప్పలను చెడకుండ నిలువచేయు ఫార్మలిన్ అనునది నీట కలిపిన ఈ పదార్థమే. 1970లో కర్బనపు మోనాక్సైడు దొరకెను. కనుగొన్నవారు విల్సన్, జెఫర్ట్స్, పెంజియాస్. ఈ మువ్వురిలో ఇద్దరు పైన చెప్పబడినవారే. మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఉంచి నిదురించినవారి ప్రాణము తీయు ఆ విషవాయువే, పాలపుంతలోని మేఘముల పటమును గీయుటకు నేడు ఖగోళజ్ఞులకు ముఖ్య సాధనము. ఎర్రచీమ కుట్టినపుడు మంట పుట్టించు ఫార్మిక్ ఆమ్లము, కుళ్లిన గ్రుడ్ల కంపు కొట్టు ఉదజని గంధకపు వాయువు, ఘోరవిషమగు హైడ్రోజన్ సయనైడు, ఇట్లు ఒకటి వెంట ఒకటి బయటపడినవి. 1975లో సారాయమునకు ప్రాణమగు ఇథైల్ ఆల్కహాలు కూడ ఉన్నట్లు ప్రకటింపబడెను. ఇది పరిహాసములకు తావిచ్చెను. కాని భూగోళమంత పాత్రతో ఆ మేఘమును ముంచినను, అందు దోసెడు ఆల్కహాలైన దొరకుట సందేహమే.

వింత యేమనగా, అన్నిటికంటె మెండుగానున్న అణువే అన్నిటికంటె కష్టముగ దొరకినది. రెండు ఉదజని పరమాణువులు కలసిన అణువు సమతూకముగ నుండుటచే తిరుగునపుడు రేడియో తరంగములను విడువదు. దాని జాడ ముఖ్యముగ అతినీలలోహిత కాంతియందు కలదు. ఆ కాంతిని భూమి వాతావరణము అడ్డగించును. 1970లో జార్జి కారుథర్స్ అను నీగ్రోజాతి అమెరికా శాస్త్రజ్ఞుడు, తాను నిర్మించిన ఛాయాచిత్ర యంత్రమును రాకెట్టులో వాతావరణమునకు పైకి పంపి దానిని పట్టెను. చీకటి మేఘములలో ఒక్కొక్క కర్బనపు మోనాక్సైడు అణువునకు సుమారు పదివేల ఉదజని అణువులుండును.

ఇన్ని అణువులు ఎట్లు పుట్టినవి? మేఘపు నడుమనున్న ధూళి వెలుపలి కిరణములను అడ్డుకొనును గనుక, లోపల పుట్టినవి చెడకుండ నిలుచును. ఇంతవరకు తెలిసినదే. పుట్టుకయే చిక్కుప్రశ్న. రెండు ఉదజని పరమాణువులు శూన్యమున ఢీకొనినచో అంటుకొని యుండవు. కలయుటవలన పుట్టిన శక్తిని తీసికొనిపోవు మూడవది లేనిచో, ఆ శక్తియే వానిని మరల విడగొట్టును. ఆ మూడవది ధూళికణము. మిల్లీమీటరులో పదివేలవ వంతు ఉండు ఇసుకరవ్వయో, మసిరవ్వయో అది. ఎడారిబాటన ఇద్దరు బాటసారులు ఒకరికొకరు ఎదురగుట అరుదు. నడుమ సత్రమొకటి యున్నచో ఇద్దరును అందు చేరి కలిసికొందురు. ధూళికణమట్టి సత్రము. ఒక ఉదజని పరమాణువు వచ్చి దాని పై వాలును. మరియొకటి వచ్చును. రెండును కలసి, వెలువడిన వేడిని రవ్వకు అప్పగించి, అణువై ఎగిరిపోవును. ఆమ్లజని వాలినచో, దానికి ఉదజనులు చేరి నీరు ఏర్పడి, ఎగిరిపోక, మంచుపొరయై అచ్చటనే నిలుచును. కర్బనపు మోనాక్సైడు ఆ మంచుపై వాలి, ఒక్కొక్క ఉదజనినే గ్రహించి, మొదట ఫార్మాల్డిహైడుగను, తుదకు మిథైల్ ఆల్కహాలుగను మారును. ఇది ఊహ మాత్రమే కాదు. హాలండులోని లైడెన్ నగరమందును, జపానులోని సప్పోరో నగరమందును పరిశోధకులు లోహపు పాత్రలలో అట్టి శూన్యమును, చలిని కల్పించి, మంచుపొరపై ఉదజనిని చల్లి ఈ మార్పును కన్నులార చూచిరి. 2021 డిసెంబరులో పైకి పంపబడిన జేమ్స్ వెబ్ దూరదర్శిని చీకటి మేఘములందలి మంచులో నీరు, అమోనియా, మీథేను, మిథైల్ ఆల్కహాలు ఉన్నట్లు చూపెను.

సత్రముతో పనిలేని మార్గము మరియొకటి కలదు. మేఘములందలి చలి సాధారణముగ సున్నకు దిగువ 263 డిగ్రీలు. అంతటి చలిలో మామూలు అణువులు తాకినను ఒకదానితో ఒకటి పొత్తు కలుపవు. పొత్తునకు కొంత వేడి కావలెను. కాని ఒకదానికి విద్యుదావేశ మున్నచో వేడి అక్కరలేదు; అదియే రెండవదానిని తనవైపునకు లాగికొనును. 1973లో హెర్బ్‌స్ట్, క్లెంపరర్ అనువారు ఈ దారిని లెక్కలతో వివరించిరి. విశ్వకిరణములు మేఘమును దూసికొనిపోవుచు ఉదజని అణువునుండి ఒక ఎలక్ట్రానును తన్నివేయును. ఆవేశము పొందిన ఆ అణువు మరియొక ఉదజని అణువును కలిసికొని, మూడు ఉదజనుల కూటమిగా మారును. ఈ కూటమి మిక్కిలి దానశీలము గలది. తాకినవారికెల్ల తన ఉదజనిలో ఒకదానిని ఇచ్చివేయును. ఆమ్లజనికి ఇచ్చినచో, ఆ పరంపర నీటివరకు సాగును. మనము పీల్చు గాలిలో ఒక అణువు సెకనుకు కొన్ని వందల కోట్ల మారులు ఇతర అణువులను తాకును; ఆ మేఘమున ఒక ఆవేశకణము సుమారు దినమునకు ఒకమారు తాకినచో గొప్ప. అయినను తొందర యేమి? మేఘమునకు లక్షల సంవత్సరముల ఆయువు కలదు. ఈ మూడు ఉదజనుల కూటమిని 1911లోనే జె. జె. థాంసన్ ప్రయోగశాలలో చూచెను. 1980లో టకేషి ఓకా దాని రేఖలను కొలిచెను. 1996లో గెబాల్, ఓకా కలసి నక్షత్రముల నడుమ దానిని కనుగొనిరి.

ఇట్టి గుర్తింపులలో ఎంత జాగ్రత్త అవసరమో తెలుపుటకు ఒక కథ చాలును. 1970లో బూల్, స్నైడర్ అను శాస్త్రజ్ఞులకు 3 మిల్లీమీటర్లకు కొంచెము మించిన పొడవుగల ఒక బలమైన రేఖ పెక్కు మేఘములందు కనబడెను. భూమిపై తెలిసిన ఏ అణువునకును అది సరిపోలేదు. దానికి వారు ఎక్సోజెన్ అని హాస్యముగా పేరిడిరి. అది ఉదజని, కర్బనము, ఆమ్లజని ఒక్కొక్కటి చేరి, ఆవేశము గల కూటమియై యుండునని క్లెంపరర్ ఆ యేడే ఊహించెను. ఊహ సరియో కాదో ఎట్లు తెలియును? ఆ కూటమి సీసాలో నిలువయుండునది కాదు. పుట్టిన క్షణమే నశించును. 1975లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున వుడ్స్ అను ఆయనయు, సహచరులును ఉదజని, కర్బనపు మోనాక్సైడు వాయువుల మిశ్రమమున విద్యుత్తును ప్రసరింపజేసి, క్షణకాలము బ్రతుకు ఆ కూటమినుండియే తరంగమును పట్టిరి. అది ఆకాశమునుండి వచ్చిన దానితో సరిగా సరిపోయెను.

ఆకాశమును చూచినవారు భూమి మీది రసాయనమునకు మేలు చేసిన సందర్భమును కలదు. ఇంగ్లండు దేశీయుడు హారీ క్రోటో కర్బన పరమాణువులు గొలుసువలె పేర్చుకొన్న పొడవైన అణువులను మేఘములందు కనుగొన్నవారిలో ఒకడు. అట్టి గొలుసులు వృద్ధ నక్షత్రముల చుట్టు ఎట్లు పుట్టునో చూడగోరి, 1985లో అమెరికాకు పోయి, స్మాలీ, కర్ల్ అనువారితో కలసి బొగ్గును లేసరు వెలుగుతో ఆవిరి చేయించెను. గొలుసులతోపాటు ఎవరును ఎదురుచూడని వస్తువొకటి వచ్చెను. అది 60 కర్బనములు కాలిబంతి అతుకులవలె కూడిన గుండ్రని అణువు. ఆ మువ్వురికి 1996లో నోబెల్ బహుమానము లభించెను. ఆ బంతి అణువు ఆకాశమున నున్నట్లు 2010లో ప్రకటింపబడెను. అంతతో ఆగలేదు. 1920 ప్రాంతమున కాలిఫోర్నియాలోని లిక్ వేధశాలలో మేరీ హెగర్ అను విద్యార్థిని నక్షత్రముల వర్ణపటములందు కొన్ని మసకపట్టీలను గమనించియుండెను. అట్టివి క్రమముగా నాలుగువందలకు మించి దొరకినను, వాని మూలమేదో తొంబదేండ్లు గడచినను తెలియలేదు. 2015లో స్విట్జర్లాండు పరిశోధకులు, ఎలక్ట్రాను పోయిన బంతి అణువు వానిలో రెంటికి కారణమని ప్రయోగశాలలో నిరూపించిరి. తరువాత మరికొన్ని దానికే చెందినవని తేలెను. తక్కినవి నేటికిని అనాథలే.

నేటివరకు నక్షత్రముల నడుమ కనుగొనబడిన అణువులు 300కు మించినవి. వానిలో కర్బనము గలవి మెండుగా నుండుటచే ఒక పెద్ద ప్రశ్న సహజముగ లేచును: ప్రాణుల శరీరములకు కావలసిన ముడిసరుకు అచ్చటనే తయారగుచున్నదా? మన కండలకు మూలమగు మాంసకృత్తులు అమైనో ఆమ్లములతో నిర్మితములు. వానిలో చిన్నది గ్లైసీన్. దానిని వెదకనివారు లేరు. 2003లో అది దొరకినదని ఒక బృందము ప్రకటించెను. లోకము సంతోషించెను. కాని ఒక అణువునకు ఒక్క రేఖ కాదు, పెక్కు రేఖలుండవలెను. అవి యన్నియు తగిన తీవ్రతతో, ఒకే వేగమును చూపుచు కనబడవలెను. ధనూరాశి మేఘమునుండి వచ్చు రేఖలు వరిచేని వెన్నులవలె క్రిక్కిరిసి యుండును. ఏ అణువునకైన ఒకటి రెండు రేఖలు అందు యాదృచ్ఛికముగ సరిపోవచ్చును. 2005లో ఇతర పరిశోధకులు లెక్కలు తిరిగి చూచి, ఉండవలసిన రేఖలు కొన్ని అచ్చట లేవని చూపిరి. ఆ ప్రకటన నిలువలేదు. నక్షత్రముల నడుమ గ్లైసీన్ నేటికిని నిశ్చయముగ దొరకలేదు.

మన ఇంటి దాపున మాత్రము అది దొరకినది. ఒక తోకచుక్క ధూళిని 2006లో స్టార్‌డస్ట్ అను నౌక భూమికి తేగా, అందు గ్లైసీన్ కలదని 2009లో తేలెను. రొసెట్టా నౌక మరియొక తోకచుక్క చుట్టు తిరుగుచు అక్కడనే దానిని పసికట్టినట్లు 2016లో ప్రకటింపబడెను. 2023 సెప్టెంబరులో బెన్ను అను చిన్న గ్రహశకలమునుండి తెచ్చిన మట్టిలో, భూమి మీది ప్రాణులు వాడు 20 అమైనో ఆమ్లములలో 14 ఉన్నవని 2025లో తెలిసినది. తోకచుక్కలు సూర్యుడు పుట్టిన నాటి మేఘపు మంచును ఇంకను దాచియుంచుకొన్న మూటలు.

నీటి విషయమైతే మరింత ఆసక్తికరము. ఉదజనులలో బరువైనది ఒకటి కలదు. దానిని భారోదజని యందురు. సూర్యుని కన్న వాయువునందు సుమారు 50,000 ఉదజనులకు ఒకటి చొప్పున అది యుండెను. మన సముద్రములందు సుమారు 6,400కు ఒకటి చొప్పున కలదు. ఇంత హెచ్చుటకు కారణమేమి? అతిశీతలమైన చోటనే, పైన చెప్పిన మూడు ఉదజనుల కూటమి భారోదజనిని ఎంచి పట్టి నీటికి చేర్చగలదు. గ్రహములు పుట్టిన పళ్లెరమున అంత నీటిని అట్లు చేయుటకు తగిన విశ్వకిరణములు చొరబడియుండవని 2014లో అమెరికాలో కొందరు గణించిరి. ఆ లెక్క నిజమైనచో, భూమి మీది నీటిలో చెప్పుకోదగిన భాగము సూర్యునికంటె పూర్వపుది. వేసవిలో కూజానుండి వంచుకొని త్రాగు నీటిలో కొంత, సూర్యుడే లేని చీకటిలో, ఒక మసిరవ్వ మీద మంచుగా పుట్టినదన్నమాట.

ఈ శాస్త్రమున కృషి నేడు ముఖ్యముగ రెండు చోటుల సాగుచున్నది. ఒకటి ఎత్తైన ఎడారి. దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున, సముద్రమట్టమునకు 5,000 మీటర్ల ఎత్తున, అటకామా ఎడారియందు 66 పళ్లెరములు గల ఆల్మా అను రేడియో దూరదర్శిని 2011నుండి పనిచేయుచున్నది. గాలిలోని తేమ సన్నని రేడియో తరంగములను మ్రింగివేయును. అందుకే అంత ఎండిన ఎత్తు కావలసివచ్చినది. ఒక మారు అదియు చాలక, దూరదర్శినిని విమానమున అమర్చి పైకి కొనిపోయిరి. హీలియము ఉదజనితో కలసిన కూటమి విశ్వమున పుట్టిన మొదటి అణువని శాస్త్రజ్ఞులు చాలకాలముగ చెప్పుచుండిరి. 1925లో ప్రయోగశాలలో దొరకిన దానిని ఆకాశమున ఎవరును చూడలేదు. 2019లో ఆ విమానపు దూరదర్శిని వలన అది హంస మండలములోని ఒక నీహారికలో ఉన్నట్లు తేలెను. గుంటూరు గ్రహణమున పసుపురేఖగా కనబడిన ఆ హీలియమే ఇది.

రెండవ చోటు సామాన్యమైన ప్రయోగశాల. ఆకాశమునుండి రేఖలు వచ్చుచున్నంత వేగముగ వానిని పోల్చుటకు తగిన కొలతలు భూమి మీద తయారగుట లేదు. క్షణకాలము బ్రతుకు అణువును పుట్టించి, అది చచ్చులోపల దాని తరంగమును కొలుచుటకు ఒక్కొక్కప్పుడు సంవత్సరములు పట్టును. ఏ అణువునకు చెందినవో తెలియని రేఖలు ధనూరాశి మేఘమున నేటికిని పెక్కు కలవు. అట్టి ప్రతి రేఖకును ఎదురుగా పరిశోధకులు తమ పట్టికలో యు అను అక్షరమును మాత్రము వ్రాసి, దాని ప్రక్కన తరంగపు కొలతను గుర్తించి, పేరు వ్రాయవలసిన గడిని ఖాళీగా విడిచిపెట్టుదురు.